సూరత్‌లో చెల్లని ఓటుకు కూడా చోటు లేదు

2024 ఏప్రిల్ 22న నేను థీసిస్‌లో ఈజిప్టు అధ్యక్ష ఎన్నికల అధ్యాయం రాస్తున్నాను. లింబాయత్ నుంచి మా మేనమామ ఫోన్. కరీంనగర్ నుంచి వచ్చి ముప్పై ఏండ్లుగా అక్కడ సాంచాలు నడుపుతున్న మనిషి. "ఏందిరా, ఈజిప్టు ఎలక్షన్ల మీద చదువుతున్నవ్, మీ దిక్కు ఎలక్షనే లేదంట గదా!" అని నవ్వాడు.

నేనుండే కతార్‌గాం సూరత్ లోక్‌సభ స్థానంలో ఉంది. లింబాయత్ కూడా ఈ నగరమే, కానీ నవసారి స్థానం కిందికి వస్తుంది. మే 7న మామ వేలికి సిరా పడింది, నాకు పడలేదు.

కాంగ్రెస్ అభ్యర్థి నీలేష్ కుంభాణీ పత్రాల మీద సంతకాలు తమవి కావని ఆయన ప్రతిపాదకులే అఫిడవిట్లు ఇచ్చారు. నామినేషన్ తిరస్కరించారు, డమ్మీ అభ్యర్థిదీ పోయింది. మర్నాటికి మిగతా ఎనిమిది మందీ తప్పుకున్నారు. బీజేపీకి చెందిన ముఖేష్ దలాల్ ఏకగ్రీవం. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 53(2) ప్రకారం ఒక్కరే మిగిలితే పోలింగ్ అక్కర్లేదు. 16 లక్షలకు పైగా ఓటర్ల పని అక్కడితో అయిపోయింది.

అరబ్ నియంతలనగానే మనకు ట్యాంకులు, జైళ్లు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి. కానీ ఎన్నిక జరుపుతూనే పోటీ లేకుండా చూసుకోవడంలో వాళ్లకు ఎక్కువ నేర్పు. 2018లో సీసీ మీద నిలబడతానన్న మాజీ సైన్యాధిపతి సామీ అనాన్‌ను అరెస్టు చేశారు. అహ్మద్ షఫీక్ వెనక్కి తగ్గాడు. చివరి గడియలో నామినేషన్ వేసిన మూసా ముస్తఫా మూసా అంతకుముందు దాకా సీసీకే ప్రచారం చేసినవాడు. సీసీకి 97 శాతం వచ్చింది. అయితే చెల్లని ఓట్లు 17 లక్షలు దాటాయి, మూసాకు వచ్చినవాటి కంటే రెండింతలకు పైగా. కాగితం పాడుచేసి పెట్టెలో వేయడానికి కైరో ఓటరుకు వీలుంది. సూరత్‌లో నాకు నోటా మీట కూడా లేదు.

ఇండియాను ఈజిప్టుతో పోల్చవద్దని సెమినార్లలో నాకు చెబుతుంటారు. నిజమే, ఇక్కడ ఎవరినీ జైల్లో వేయలేదు. ఒత్తిడి తెచ్చారని కాంగ్రెస్ అంది, బీజేపీ కాదంది. అదే ఎన్నికలో బీజేపీ లోక్‌సభలో సొంత మెజారిటీ కోల్పోయింది కూడా. నన్ను తొలిచే ప్రశ్న వేరే. సూరత్ 1989 నుంచి ఆ పార్టీదే, 2019 మెజారిటీ 5 లక్షల పైమాటే. ఎలాగూ గెలిచే చోట పోటీయే లేకపోవడం ఎవరికి లాభం? సీసీ విషయంలో నా జవాబు ఇది: అఖండ విజయం ఓటరు కోసం కాదు, రేపు నిలబడదామనుకునేవాడి కోసం. నిలబడి లాభం లేదని వాడికి ముందే తెలియాలి.

సూరత్‌లో తప్పుకున్నవాళ్లలో బీఎస్పీ అభ్యర్థి ఉన్నాడు. మన వేదికల మీద దీని గురించి మాట్లాడుకున్నది తక్కువ, మనకు ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి. అదే ఎన్నికలో ఇందోర్ చూడండి. కాంగ్రెస్ అభ్యర్థి ఉపసంహరించుకుని బీజేపీలో చేరాడు. కానీ బీఎస్పీతో సహా మిగతావాళ్లు బరిలో ఉన్నారు కాబట్టి పోలింగ్ జరిగింది, నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. డిపాజిట్ దక్కని అభ్యర్థులు ఉండబట్టే అంతమంది కాదని చెప్పగలిగారు. 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు బాబాసాహెబ్ పౌరసత్వంలో ముఖ్యమైన హక్కులుగా ప్రాతినిధ్యాన్ని, ప్రభుత్వ పదవిని చేర్చి చెప్పాడు. ఓటు వేయడంతో అది పూర్తి కాదు, మనవాడు నిలబడాలి, నిలబడి ఉండాలి.

ఏకగ్రీవమంటే తెలుగువాళ్లకు కొత్తేం కాదు. గుజరాత్‌లో 2001 నుంచి 'సమరస్' పేరుతో ఏకగ్రీవ పంచాయతీలకు నిధులిస్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రోత్సాహకాలు ప్రకటించారు. మామను అడిగితే ఊళ్లో జరిగిన ఏకగ్రీవం గురించి చెప్పాడు. సర్పంచ్‌కు నామినేషన్ వేద్దామనుకున్న మా వాడ మనిషిని పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, ఊరి మంచి కోసమని ఒప్పించారట. "పైసలొచ్చినయ్, సీసీ రోడ్డు ఏసిన్రు," అన్నాడు. "మన వాడ మూల దాక ఏసి ఆపిన్రు."