సంపాదకుని మాట: బంతి ఆగని ఊరు

ఈ సంచిక ముఖచిత్రం జపాన్ మిడ్‌ఫీల్డర్ హిదెతోషి నకతా. 1998లో ఇటలీ క్లబ్బు పెరూజాకు ఆడిన తొలి లీగ్ మ్యాచ్‌లోనే యువెంటస్ మీద రెండు గోల్స్ కొట్టాడు. 2001లో రోమా జట్టుతో ఇటలీ లీగ్ గెలిచాడు. 2006లో, 29 ఏళ్లకే ఆటకు సెలవు చెప్పినా ఆయన మీద మోజు తగ్గలేదు.

అబిడ్స్, నాంపల్లి పాఠకులకు జపాన్ ఆటగాడి సంగతెందుకంటారా? కూతవేటు దూరంలో ఉన్న ఫతే మైదాన్‌ను అడగండి. మన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండగా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ ఇదే జపాన్‌ను 2-0తో ఓడించింది, చివరికి స్వర్ణమే తెచ్చింది. ఆ రెండింటిలో ఒక గోల్ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంది. వాటం లేని కాలితోనే తన్నాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు అంటూ షరతులు పెట్టి మరీ రహీం పోటీలు నడిపేవారు. బంతిని పట్టుకు వేలాడకుండా పక్కవాడికి అందించడం అలా ఒంటబట్టింది.

1963లో రహీం కన్నుమూశారు. 1993లో జపాన్ ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టి ముందుకు దూసుకెళ్లింది. మనం పాత పతకాలు తలుచుకుంటూ కూర్చున్నాం. అందుకే నకతా కథ పక్కనే మన ఆటగాళ్ల కథలూ ఇస్తున్నాం. పిల్లల చేత చదివించండి, వీలైతే ఒక బంతి కూడా కొనివ్వండి.

– సంపాదకుడు