పరాయి తరగతిలో పెద్దన

కువైత్ తీరాన మహబూలా అపార్ట్‌మెంట్లలో పెరిగే తెలుగు పిల్లల్లో చాలామందికి మాట్లాడేంత తెలుగు వస్తుంది, చదివేంత రాదు. అలాంటి పిల్లలకు అల్లసాని పెద్దనను పరిచయం చేయదలచిన తల్లిదండ్రులకు ఒక మంచి దారి ఇంగ్లీషు మీదుగా ఉంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన మనుచరిత్ర అనువాదం 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ తొలి సంపుటాల్లో ఒకటిగా వచ్చింది. ఎడమ పేజీలో తెలుగు మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు.

ఈ పుస్తకం వెనుక ఒక సుదీర్ఘ అధ్యాపక జీవితం ఉంది. ఏలూరులో పాఠాలు చెప్పిన నారాయణరావు 1971లో అమెరికా చేరి, మేడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 38 ఏళ్లు బోధించారు. ఆ తర్వాత ఎమరీలో. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, పింగళి సూరన కళాపూర్ణోదయం, అన్నమయ్య పదాలు, గురజాడ కన్యాశుల్కం ఆయన ఒంటరిగానో ఇతరులతో కలిసో ఇంగ్లీషులోకి తెచ్చినవే.

పరాయివాళ్ల కోసం చేసిన ఈ పని వల్ల తెలుగుకు ఒరిగిందేమిటని అడిగేవారున్నారు. ఈ ప్రశ్న అసలు విషయాన్ని వదిలేస్తుంది. పెద్దన మహాకవి అని ముందే ఒప్పుకుని వచ్చే విద్యార్థి విదేశీ తరగతిలో ఉండడు. పాదలేపం కరిగి హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడి కథ ఎందుకు చదవాలో, వరూధిని మాటల్లో అందం ఎక్కడుందో ఉపాధ్యాయుడు మొదటినుంచీ చూపించాలి. వారసత్వంగా వచ్చిన భక్తి అక్కడ పనికిరాదు. అదే అవసరం ఇప్పుడు ప్రవాసుల ఇళ్లలోనూ ఏర్పడింది. పరాయి విద్యార్థికి పనికొచ్చిన వివరణే సొంత పిల్లలకూ కావలసివచ్చింది.

ఇతర భాషల అనుభవమూ ఇదే చెబుతుంది. లండన్‌లోని సోయాస్‌లో దశాబ్దాలపాటు బర్మీస్ బోధించిన ఆనా ఆలట్, సైనిక పాలనలో సెన్సారు కత్తిరింపులకు గురైన కథలను 1993లో ఇంగ్లీషులో వెలువరించారు. సొంతగడ్డపై నొక్కేసిన మాటకు పరాయి దేశపు తరగతి గది నీడనిచ్చింది.

అయితే ఒక మనిషి మీదే ఆధారపడిన చదువు ఆ మనిషి పదవీ విరమణతో ఆగిపోవచ్చు. దాతల నిధితో ఎమరీలో తెలుగుకు ఆచార్య పీఠం ఏర్పడటం అందుకే ముఖ్యం. ఒక్క సాయంత్రపు ఉత్సవ వేదికకు ఉదారంగా ఇచ్చే ప్రవాస సంఘాలు ఇలాంటి పీఠాల గురించీ ఆలోచించాలి.

అనువాదానికి లోటు లేకపోలేదు. ఉత్పలమాల నడక ఇంగ్లీషులో వినిపించదు. దానికి విరుగుడు అదే పుస్తకం ఎడమ పేజీలో ఉంది. తండ్రి పద్యం పైకి చదివితే, కూతురు కుడి పేజీలో అర్థం వెతుక్కుంటుంది. మహబూలాలో ఒక శుక్రవారం మధ్యాహ్నానికి అంతకన్నా మంచి తెలుగు తరగతి అక్కరలేదు.