ఊలు అల్లే డిటెక్టివు

డిటెక్టివు అనగానే మనవాళ్ళకు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ జ్ఞాపకం రావడం సహజం. వెంట అసిస్టెంటు రాజు ఉండనే ఉంటాడు. మరి ఇంగ్లండులో ఒక ముసలావిడ ఉన్నది. పెళ్ళి చేసుకోలేదు, ఉండేది సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూరు, ఒళ్ళో ఎప్పుడూ ఊలు అల్లిక. పేరు మిస్ మార్పుల్. అగాథా క్రిస్టీ ఈవిడను పెట్టి 12 నవలలు రాస్తే, జనం ఇప్పటికీ కొని చదువుతూనే ఉన్నారు.

ఈవిడ పుట్టుక వెనక ఒక కోపతాపం ఉన్నది. 1926లో క్రిస్టీ రాసిన రోజర్ ఎక్రాయిడ్ నవలలో ఒక డాక్టరుగారి అక్కగారు కనిపిస్తుంది. గడప దాటకుండా ఊళ్ళో సంగతులన్నీ రాబట్టే ఘటికురాలు. నవలను నాటకం చేసినవారు ఆ అక్కగారిని తీసేసి, ఒక పడుచుపిల్లను పెట్టారు! రచయిత్రికి ఒళ్ళు మండింది. మార్పుల్ పుట్టింది అప్పుడేనేమో అని ఆత్మకథలో రాసుకున్నది. నాటకం ఆడింది 1928లో, మార్పుల్ మొదటి కథ అచ్చయింది 1927లో. కోపానికి తేదీలతో పనేమిటి లెండి!

భూతద్దంతో ఈవిడకు పని లేదు. కొత్త మనిషిని చూడగానే తన ఊళ్ళో ఏ పనిపిల్లో, ఏ కొట్టువాడో గుర్తుకొస్తారు. వాళ్ళు చేసిన పనే వీళ్ళూ చేసి ఉంటారని కూపీ లాగుతుంది. మనం అమ్మలక్కల కబుర్లని కొట్టిపారేసేదే ఆవిడ చదువు. పైగా, ముసలావిడే గదా అని ఆవిడ ముందు ఎవరూ నోరు కట్టుకోరు.

ఈ నవలల్లో నెత్తురు కనపడదు, హాయిగా చదువుకోవచ్చునంటారు. నిజమే కాని, 1962లో వచ్చిన ‘ది మిర్రర్ క్రాక్డ్’ చదవండి. రచయిత్రికి అప్పటికి 72 ఏళ్ళు. మార్పుల్‌కు చూపు ఆనక అల్లిక తప్పిపోతున్నది. తోటపని చేయవద్దన్నారు. సాయంగా పెట్టిన మనిషి పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. చెడ్డది కాదు పాపం, అందుకే భరించడం మరీ కష్టం. ఒకనాడు ఆమెను ఏవో సామాన్లకని బజారుకు పంపి, ఊరి పక్కన లేచిన కొత్త ఇళ్ళు చూడటానికి మార్పుల్ ఒంటరిగా జారుకుంటుంది. అక్కడ కాలుజారి పడుతుంది. లేవదీసి ఆదరించిన ఇల్లాలే తరవాత హత్యకు గురవుతుంది. చంపిందెవరో చెబితే చదవబోయేవారు నన్ను క్షమించరు. డాక్టరుగారు ఈవిడకు చెప్పిన మందేమిటో తెలుసునా? ఛేదించడానికి ఒక మంచి హత్య!

2020లో రిచర్డ్ ఆస్మన్ రాసిన ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ కూడా ఈ కోవదే. వృద్ధులుండే కాలనీలో నలుగురు స్నేహితులు గురువారం గురువారం కూడి, పాత హత్య కేసులు తిరగేస్తుంటారు. నవ్వు ఆపుకోలేం. వారిలో అందరికన్నా గట్టిది ఎలిజబెత్. ఊరందరి గుట్టూ లాగే ఆవిడ, భర్తకు మతి తప్పుతున్న సంగతి మాత్రం పైకి పొక్కనివ్వదు. ఆయన చదరంగం మాత్రం ఇంకా బాగానే ఆడతాడు.