సగటు లెక్క

కిందటేడు పరీక్ష ఫీజు కట్టవలసిన ఆఖరి రోజున మా విద్యార్థిని ఒకతె రాత్రి పన్నెండు దాకా ఫోను పట్టుకు కూర్చుంది. పేజీ తెరుచుకోలేదు. ఏడాది పోయింది. నేను వెళ్లి అడిగితే, "సగటున సెకనులో జవాబిస్తున్నామండీ" అన్నారు.

అబద్ధం కాదు. మీరే లెక్క వేసి చూడండి: 99 మందికి అరసెకనులో, ఒక్కరికి 50 సెకన్లలో జవాబొచ్చినా సగటు సెకను దాటదు.

ఆ ఒక్కరు ఎందుకు చిక్కుబడతారు? పెళ్లి పంక్తిలో వరసలు సమంగా పంచినా, వడ్డించే ఒకరి చెయ్యి నిదానం కావచ్చు. సర్వర్లూ అంతే. వంతులవారీగా పంపితే చాలదు. ఎవరి చేతిలో పని తక్కువుందో చూసి పంపాలి, పలకనివాణ్ణి వరసలోంచి తప్పించాలి.

గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో చూపారు: ఒక్కొక్క సర్వరు నూటికొక్కసారే ఆలస్యం చేసినా, నూరు సర్వర్లూ పలికితేగాని రాని జవాబు నూటికి 63 సార్లు ఆలస్యమవుతుందట!

కనుక రాసుకోవలసింది ఆలస్యమైనవారి లెక్క. విందుల్లో మా అమ్మ ఎప్పుడూ చివరి విస్తరి దగ్గరే నిలబడేది.