నడిచే నమూనా, నిలిచిన నమూనా



ఇది సుమారు 260 ఏళ్ల క్రిందటి మాట. స్కాట్లండులో గ్లాస్గో విశ్వవిద్యాలయంవారి దగ్గర ఒక చిన్న ఆవిరి యంత్రం ఉండేది. గనులలో ఊరే నీటిని తోడటానికి ఆ రోజుల్లో న్యూకోమెన్ అనే ఆయన కనిపెట్టిన యంత్రాలు వాడేవారు. ఒక్కొక్కటి ఒక మేడంత ఉండేది. అంత యంత్రాన్ని పాఠం చెప్పే గదిలోకి తీసుకురాలేరు గదా! అందుకని విద్యార్థులకు చూపించటానికి ఈ నమూనా పెట్టుకున్నారు. దాని సిలిండరు అడ్డుకొలత రెండే అంగుళాలు. చూడటానికి ముచ్చటగానే ఉండేది. కాని ఒక్కటే చిక్కు, అది సరిగా నడిచేది కాదు. లండనులో పేరున్న పనివాడికి పంపినా లాభం లేకపోయింది.

1763-64 చలికాలంలో దానిని జేమ్సు వాట్ చేతికి ఇచ్చారు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. విశ్వవిద్యాలయంలో కొలత పరికరాలు చేసి, బాగుచేసి బతికేవాడు. వాట్ దానిని సరిచేసి, బాయిలరు క్రింద మంట పెట్టాడు. యంత్రం కదిలింది. కాని కొద్దిసార్లు ఆడి ఆగిపోయింది! బాయిలరులో ఉన్న ఆవిరి అంతా అప్పుడే అయిపోయింది. పెద్ద యంత్రం గనిలో రోజుల తరబడి ఆడుతూంటే, అచ్చం దానిలాగే చేసిన చిన్నది ఎందుకు ఆడదు?

ఆ యంత్రం పనిచేసే తీరు ఇది. సిలిండరును ఆవిరితో నింపి, లోపల చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది. వెంటనే బయటి గాలి పిస్టనును క్రిందికి నొక్కుతుంది. బాగానే ఉంది. కాని ఆ చన్నీళ్లకు సిలిండరు గోడలు కూడా చల్లబడతాయి. మరుసటిసారి వచ్చిన ఆవిరిలో సగానికి పైగా ఆ గోడలను వేడి చేయటానికే సరిపోతుంది. ఇక చిన్న సిలిండరు సంగతి చూడండి. అందులో పట్టే ఆవిరితో పోలిస్తే దాని గోడలే ఎక్కువ. అందుచేత పెద్ద యంత్రంలో ఎవరూ పట్టించుకోని దుబారా చిన్నదానిలో కొట్టవచ్చినట్టు కనబడింది. వాట్ దీనిని గురించి చాలాకాలం ఆలోచించాడు. ఆవిరిని సిలిండరులో కాక, పక్కన వేరే పాత్రలో చల్లబరిస్తే సరి అని 1765లో అతనికి తట్టింది. బొగ్గు ఖర్చు ఎంతో తగ్గింది. ఆ నమూనాను గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియమువారు దాచి ఉంచారు.

దానిని ఎవరూ నడిపించి చూడకుండా, అద్దాల బీరువాలో పెట్టి, "తాకరాదు" అని చీటీ అంటించి ఉంటే వాట్‌కు ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చేది? నమూనాల ప్రదర్శన ఎలా ఉంటే చూసేవాళ్లకూ, చేసేవాళ్లకూ మేలో ఈ నెల మాట్లాడుకుందాం.

లోహంతో చిన్న చిన్న యంత్రాలు చేయటం బ్రిటనులో ఎంతోమందికి తీరికవేళల సరదా. పగలంతా బ్యాంకిలోనో, ఆఫీసులోనో పని చేసి వచ్చి, రాత్రి పెరటి షెడ్డులో లేతు మిషను ముందు నిలబడతారు. దీనిని మోడల్ ఇంజనీరింగు అంటారు. ఇవి బజారులో కొన్న ఆటబొమ్మలు కావు సుమా! రైలింజను అయితే నిజంగా బొగ్గు తింటుంది, నీళ్లు తాగుతుంది, కూత కూస్తుంది. పట్టాల మధ్య ఎడం 5 అంగుళాలే అయినా, వెనక పెట్టెలమీద కూచున్న మనుషులను లాక్కుపోతుంది. 1898లో పెర్సివల్ మార్షల్ అనే ఆయన వీళ్లకోసం "మోడల్ ఇంజనీర్" అనే పత్రిక పెట్టాడు. 1907లో ఆ పత్రిక తరఫున లండనులో మొదటి ప్రదర్శన జరిగింది. తరవాత ఎన్నో దశాబ్దాలపాటు జరుగుతూ వచ్చింది.

1920ల మొదట్లో ఈ సరదా ఉన్నవాళ్ల మధ్య పెద్ద తగవు వచ్చింది. బుల్లి రైలింజన్లకు బొగ్గు మంట పనికిరాదు, స్పిరిటు దీపమే గతి అని పేరుమోసినవాళ్లు అనేవారు. ఎల్.బి.ఎస్.సి. అనే పొడి అక్షరాలతో వ్యాసాలు వ్రాసే ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. "ఆయేషా" అనే యింజను చేశాడు. పట్టాల మధ్య ఎడం 2½ అంగుళాలే. బొగ్గు వేసి నడిపితే అది ఒక పెద్దమనిషిని లాగింది. ఎన్ని వ్యాసాలు వ్రాసినా తెగని తగవు, యింజను నడిచేసరికి తేలిపోయింది. ఆయన ఒక కిటుకు పట్టాడు. యింజనును చిన్నది చేయవచ్చు గాని, బొగ్గునూ నీటినీ చిన్నవి చేయలేము. పెద్ద బాయిలరులో వందల గొట్టాలుంటే, అన్నిటినీ అదే లెక్కన సన్నం చేసి పెడితే మసి పట్టి మూసుకుపోతాయి. అందుకని చిన్నదానిలో కొద్ది గొట్టాలే, కాస్త లావువి పెట్టాలి. ఈ సంగతి ఏ ప్రదర్శనలోనైనా బల్లమీద చీటీ వ్రాసి పెడితే పిల్లలు ఎంత సంతోషిస్తారు!

కాని మామూలుగా ఉండే చీటీ ఎలా ఉంటుంది? "ఆవిరి యంత్రం. 1/12 వంతు. తయారు చేసినవారు: ఫలానా." అంతే. ఇది చదివినవాడు "ఆహా" అని ముందుకు పోతాడు. దాని బదులు ఇలా వ్రాస్తే? "పిస్టనును ఆవిరి ఒకసారి ముందునుంచి, ఒకసారి వెనకనుంచి తోస్తుంది. అటూ ఇటూ ఆవిరిని మళ్లించేది ఎర్రరంగు వేసిన ఈ కవాటం. చక్రాన్ని మెల్లగా తిప్పి, కవాటం ముందు కదులుతుందో, పిస్టను ముందు కదులుతుందో కనిపెట్టు." ఇక పిల్లవాడు కదలడు. వెనకవాళ్లు తొందరపెట్టాలి!

చేత్తో తిప్పటం అన్నాను. మీటనొక్కి చూసే పద్ధతి కొత్తది కాదు. జర్మనీలో ఆస్కార్ ఫాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1903లో మ్యూనిక్ నగరంలో ఒక మ్యూజియము స్థాపించాడు. 1925లో దాని సొంత భవనం తెరిచారు. అక్కడ చూడవచ్చినవాళ్లే మీటలు నొక్కి, పిడులు తిప్పి యంత్రాలను నడిపించేవారు. లండను సైన్సు మ్యూజియములో 1931లో పిల్లలకోసం ఇలాంటి విభాగమే పెట్టారు. మన బెంగుళూరులో విశ్వేశ్వరయ్యగారి పేర ఉన్న మ్యూజియమును 1962లో నెహ్రూగారు ప్రారంభించారు. నన్నడిగితే మీటకన్న పిడి మేలంటాను. మీట నొక్కే పిల్లలు వరసగా అన్నీ టకటకా నొక్కి పరుగెత్తుతారు, దేనినీ చూడరు. పిడి తిప్పితే ఎక్కడ బిగువో, ఎక్కడ వదులో చేతికి తెలుస్తుంది.

అయితే అన్నిటినీ తాకనివ్వాలా? కూడదు. చేతి చెమటలో ఉప్పుంటుంది. మెరిసే ఉక్కుమీద వేలిముద్ర పడితే కొద్దిరోజులలో తుప్పు పడుతుంది. చెర్రీ హిల్ అనే ఆమె పాతకాలపు ఆవిరి బండ్లను 1/16 వంతు కొలతలో చేసేది. మోడల్ ఇంజనీర్ ప్రదర్శనలో ఎడింబరో డ్యూకు పేర ఇచ్చే బహుమానాన్ని ఆమె 9 సార్లు గెలుచుకుంది. పొడవు 16వ వంతు అయితే బరువు ఎంతవుతుంది? 16ను 16 తోను, మళ్లీ 16 తోను గుణించండి: 4096. అంటే 10 టన్నుల బండి రెండున్నర కిలోలు కూడా తూగదు! అలాంటి పనితనం అద్దాల వెనకనే ఉండాలి. కాని ఆ అద్దాల పక్కనే ఒక చిన్న బల్ల వేసి, పోతపోసిన ముడి చక్రం ఒకటి, సగం చెక్కింది ఒకటి, పూర్తి అయింది ఒకటి, చేస్తూండగా పాడైంది ఒకటి పెట్టవచ్చు గదా! ఆ నాలుగూ చేతిలోకి తీసుకుని చూచినవాడికి అద్దాల వెనకనున్నది ఎంత కష్టమో అర్థమవుతుంది. బండి క్రింద ఒక అద్దం పరిస్తే అడుగుభాగం కూడా కనబడుతుంది. చేసేవాళ్లు మొదట వెతికేది అదే. బల్లకు ముందు ఒక మెట్టు వేయాలి. ఎనిమిదేళ్లవాడి కన్ను నేలకు సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తు బల్లమీద వాడికి కనిపించేది బల్ల అంచే!

హాలులో నిప్పు రాజేసి ఆవిరి పుట్టించటం కుదరదు. పొగ, ప్రమాదం. అందుకని సన్నని గొట్టంతో వత్తిడిగాలి పంపి యింజన్లను ఆడిస్తారు. మంచి ఉపాయమే. కాని గాలి కొట్టే యంత్రాన్ని హాలులోనే పెడితే, ఆ మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు. దానిని బయట పెట్టి గొట్టం లోపలికి తేవాలి.

బాయిలరు పరీక్షను అందరిముందూ చేసి చూపిస్తే ఇంకా బాగుంటుంది. బ్రిటనులో కొత్త బాయిలరును మంట చూపకముందే, నిండా నీరు పోసి, అది మామూలుగా పనిచేసే వత్తిడికి రెండింతల వత్తిడి పెట్టి చూస్తారు. చదరపు అంగుళానికి 80 పౌన్లదైతే 160 పౌన్లు. గాలితో ఎందుకు చేయరు? గాలిని నొక్కితే స్ప్రింగులా ముడుచుకుని బలాన్ని దాచుకుంటుంది. బాయిలరు పగిలితే ఆ బలమంతా ఒక్కసారి బయటపడి ముక్కలు ఎగురుతాయి. నీరు ముడుచుకోదు. సందు ఏర్పడితే నాలుగు చుక్కలు కారి, ముల్లు క్రిందికి పడిపోతుంది, అంతే. ఆ చేతిపంపు ఒక పిల్లకు ఇచ్చి కొట్టమంటే, ముల్లు లేస్తూంటే చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు.

యంత్రాన్ని చేసిన మనిషి పక్కన ఉండాలి. ఉంటే చాలదు, జనానికి వీపు పెట్టి స్నేహితుడితో కబుర్లు చెప్పకూడదు. బల్ల వెనక కూచుని ఏదో ఒక ముక్కను ఆకురాయితో రుద్దుతూంటే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి "ఏం చేస్తున్నారండీ?" అని అడుగుతారు. అక్కడి సంఘాలలో చాలామంది పెద్దవయసువాళ్లు. 1990లో వచ్చిన కొత్త పాఠక్రమంలో అక్కడి బడులలో లోహపు పని, చెక్కపని అనే పాత పాఠాలు డిజైను, టెక్నాలజీ అనే కొత్త పాఠంలో కలిసిపోయాయి. పిల్లలు లేతు మిషనును చూడటమే అరుదైంది. ప్రదర్శనలో తాడు కట్టి దూరాన నిలబెడితే ఈ విద్య ఎవరికి అబ్బుతుంది? పోటీలో మార్కులు వేసే పెద్దలు కూడా ఎక్కడ మార్కు తగ్గిందో, ఎందుకు తగ్గిందో చేసినవాడికి చెప్పాలి. లేకపోతే వాడు వచ్చే ఏడు రాడు.

ఈ ముక్క తల్లిదండ్రులకు. మన బడులలో సైన్సు ప్రదర్శన అనగానే బజారులో తయారుగా దొరికే నమూనా కొనిపెట్టడం కొందరికి అలవాటైంది. దీపం వెలుగుతుంది, చక్రం తిరుగుతుంది. "ఇది ఎందుకు తిరుగుతోంది బాబూ?" అని చూడవచ్చినవారు అడిగితే పిల్లవాడు నేలచూపులు చూస్తాడు. వాడు చేసింది వంకరగా ఉన్నా, వాడినే చేయనివ్వండి.

మీ బడి ప్రదర్శనకు, పిల్లలూ, ఒక పైసా ఖర్చు లేనిది చెబుతాను. ఒకే లోహంతో చేసిన, ఒకే ఆకారం గల పెద్ద గిన్నె ఒకటి, చిన్న గిన్నె ఒకటి తీసుకోండి. పెద్దవాళ్లచేత రెండింటినీ ఒకే వేడిగల నీళ్లతో నింపించండి. బడిలోని థర్మామీటరు అడిగి తెచ్చి, అయిదేసి నిమిషాలకు ఒకసారి రెండింటి వేడీ కాగితంమీద వ్రాయండి. ముందు అట్టమీద ప్రశ్న ఒక్కటే పెట్టండి: "ఏది ముందు చల్లారుతుంది? ఎందుకు?" జవాబు అట్ట వెనకవైపున వ్రాయండి. చూడవచ్చినవాళ్లు తమ ఊహ చెప్పిన తరవాతనే అట్ట తిప్పండి. ఆ తరవాత వాట్ నమూనా కథ చెప్పండి.