పద్యానికి బజారులో దక్కిన గౌరవం

మొజంజాహీ మార్కెట్టు దాటి ఉస్మాన్‌గంజ్ వైపు నడిచేవారికి ఒక్క వీథిలోనే తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాటలు చెవిని పడతాయి. టోకు బేరాల ఆ సందడిలో మాటకు ఒక్కటే పరీక్ష: ఎదుటివానికి అర్థం కావలె. అర్థం కాని మాటకు గంజులో బేరం లేదు. సాహిత్యవేత్తలు ఈ నీతిని చిన్నచూపు చూడరాదు. సినిమా వచ్చి సంగీతాన్ని బజారుకు ఈడ్చినదని పండితులు చాలకాలం వాపోయినారు. బజారుకు వచ్చినదంతా చెడిపోవలసినదేనా? తెలుగు పద్యం విషయంలో జరిగినది దీనికి విరుద్ధం. అది బజారుకు వచ్చిన పిమ్మటనే దానిలోని మాట సామాన్యునికి స్పష్టంగా వినిపించినది. ఆ పనిని ఎందరికంటెను మిన్నగా నిర్వహించినవారు ఘంటసాల వేంకటేశ్వరరావు.

1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో ఆయన జన్మించినారు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. ఆ తరంగాలకు బాలుడు అడుగులు వేసేవాడు. అంటే ఆయన మొదటి బడి రంగస్థలమే. తండ్రిని చిన్ననాడే కోల్పోయి, సంగీతం నేర్వాలని విజయనగరం చేరి, మధుకరం ఎత్తి ఆకలి తీర్చుకొన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి చెంత విద్య గడించినారు. 1942 నాటి ఉద్యమంలో పాల్గొని అల్లీపురం జైలుకు వెళ్ళినారు. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి, 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో కలిసి పాడినారు. ‘కీలుగుఱ్ఱం’, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘లవకుశ’ వంటి చిత్రాలకు సంగీతం కూర్చినారు.

ఈ వివరాలు విద్యార్థులు ఎక్కడనైనా చదువుకోగలరు. విచారింపవలసినది, ఆయన పద్యానికి ఏమి చేసినారన్నది.

అంతకు ముందు నాటకాల పద్యం ఎట్లుండేది? హార్మోనియం శ్రుతి అందుకొనగానే నటుడు గొంతెత్తేవాడు. పాదాంతంలో రాగం సాగేది. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అనేవారు. అదే పద్యం మరల మొదలయ్యేది. ఇందుకు నటులను మాత్రమే నిందించుట న్యాయం కాదు. మైకు లేని కాలంలో చిట్టచివర చాపమీద కూర్చున్నవానికి వినిపించవలెనంటే పై స్థాయిలో పాడక తప్పదు. పై స్థాయిలో నిలిచేది అచ్చు, నలిగిపోయేది హల్లు. హల్లు నలిగితే మాట నలుగుతుంది. కౌరవసభలో శ్రీకృష్ణుడేమన్నాడో తెలియకున్నా, రాగం మాత్రం ప్రేక్షకుని వెంట ఇంటికి వచ్చేది.

మైకు వచ్చి ఈ నిర్బంధాన్ని తొలగించినది. గ్రామఫోను రికార్డు మరొక నియమం విధించినది: ఒక వైపు సుమారు 3 నిమిషాలు మాత్రమే. ఆలాపనకు అక్కడ ఎక్కువ చోటు లేదు. ఈ రెండు యంత్రాలూ అందరికీ అందినవి. వానిలోని ధర్మాన్ని గ్రహించి పద్యానికి వినియోగించడంలో ఘంటసాల ప్రతిభ ఉన్నది. రాగాన్ని ఆయన విడువలేదు. దానిని భావానికి పరిచారికగా నిలిపినారు. మన వృత్తాలలో పాదం ముగిసినచోట పదం ముగియదు. ఒక్కొక్కప్పుడు సగం మాట ఈ పాదంలోను, సగం మాట తరువాతి పాదంలోను ఉంటుంది. పాదం చూచి ఆగితే మాట విరుగుతుంది. అర్థం చూచి ఆగితే మాట బ్రతుకుతుంది. ఘంటసాల రెండవ త్రోవ పట్టినారు. అందుచేతనే ‘నర్తనశాల’లో తిక్కన పద్యం అక్షరజ్ఞానం లేనివానికి సైతం అందినది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ రికార్డు రూపంలో ఇంటింటికీ వెళ్ళినది.

హైదరాబాదు వారికి ఈ మర్మం కొత్త కాదు. ఈ నగరపు ముషాయిరాలలో కవి తన గజలును ‘తరన్నుం’లో వినిపిస్తాడు. ఒక పంక్తిని రెండుసార్లు చెప్పి, సభ దానిని అందుకొన్న తరువాతనే ముందుకు సాగుతాడు. అక్కడ ‘వాహ్వా’ మాటకు. రాగం దానికి వాహనం. నాటకశాలలో ‘వన్స్‌మోర్’ ఎక్కువగా గొంతుకు దక్కినది. ఘంటసాల తెలుగు పద్యానికి మరల ఆ ‘వాహ్వా’ను సంపాదించిపెట్టినారు. 1970 ఫిబ్రవరి 1న, ఉస్మాన్‌గంజ్ నుండి ఆబిడ్స్ మీదుగా నడిచిపోగల లాల్‌బహదూర్ స్టేడియంలో ఆయనకు రజతోత్సవం జరిగినది. వేలాది ప్రజలు తరలివచ్చినారు. ఆ సన్మానం గాయకునిదే అయినా, అందులో పద్యానికీ పాలున్నది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది; దానిని దాచరాదు. ఘంటసాల బాణీ ఎంతగా వ్యాపించినదంటే, పద్యమనగానే ఆయనను అనుకరించడమే విద్య అయినది. పోటీలలో బాలుడు ఆయన గమకాన్ని, ఆయన ఊపిరిని సైతం అనుకరిస్తాడు. పద్యంలో కర్త ఎవరో, క్రియ ఏదో అడిగితే దిక్కులు చూస్తాడు. ఇది ఘంటసాల దోషం కాదు. ఆయన అర్థం నుండి రాగానికి వచ్చినారు. అనుకర్త రాగం దగ్గరనే ఆగిపోయినాడు. పూర్వపు ‘వన్స్‌మోర్’ వ్యాధి కొత్త వేషంలో తిరిగి రావడమే ఇది.

1974 ఫిబ్రవరి 11న, 51 ఏండ్ల ప్రాయంలో ఆయన కన్నుమూసినారు. చివరి దశలో పాడిన భగవద్గీత రికార్డు ఆ తరువాత వెలువడినది. శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం చెప్పిన ఆ పద్ధతి ఉపాధ్యాయునికి ఆయన విడిచిపోయిన పాఠమని చెప్పవచ్చును.

నేడు ఆ గొంతు ప్రతి విద్యార్థి చేతిఫోనులోను ఉన్నది. తరగతిలో పద్యం మాత్రం ప్రశ్నకు జవాబుగా, ప్రతిపదార్థాల పట్టికగా మిగిలిపోతున్నది. ఉపాధ్యాయుడు గాయకుడు కానక్కరలేదు. ముందు పదాలు విడదీసి అర్థం ఆగినచోట ఆగుతూ చదువవలె; పిమ్మట పిల్లలచేత వారి వారి గొంతులలో చదివించవలె; ఆ తరువాతనే ఘంటసాలను వినిపించవలె. అప్పుడు ఆ పిల్లలు ఆయనను అనుకరించరు. ఆయన ఎక్కడ ఆగినారో, ఎందుకు ఆగినారో గ్రహిస్తారు. గంజులో చెల్లిన మాట బడిలో చెల్లకపోతే, ఆ లోపం మాటది కాదు గదా!