వాకిట్లో నెగడు

చలి ముదిరితే సింగరేణి వాడల్లో వాకిట మంటలు మామూలే. రోజూ వేసేదే కదా, ఓ మూల పక్కాగా కట్టిద్దామనుకుంటే ముందు గాలి చూడండి. చలికాలంలో మనవైపు గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పుల నుంచి వస్తుంది. నెగడు ఇంటికి నైరుతిలోనో పడమరలోనో ఉంటే పొగ బయటికే పోతుంది. ఆగ్నేయమే కావాలంటారా? పొగకు వాస్తు తెలియదు! గోడలకు, చెట్టుకొమ్మలకు, బట్టల తీగకు 10 అడుగుల దూరం ఉంచండి.

లోపలి వరసకు ఫైర్ ఇటుక, అతకడానికి ఫైర్ క్లే వాడాలి. మామూలు సిమెంటు వేడికి పగులుతుంది. అందంగా ఉంటాయని గోదావరి గుండ్రాళ్లు పేర్చకండి, లోపలి తడి ఆవిరై రాయి పేలవచ్చు. కట్టెలు బూడిద మీదైనా మండుతాయి గానీ బొగ్గుకు కింది నుంచి గాలి అందాలి. అడుగున ఇనుప జాలీ, దాని కింద బూడిద తీసే కంత తప్పనిసరి.

అసలు ప్రమాదం మంట తగ్గాక మొదలవుతుంది. పొగ లేదు కదా అని ఎర్రటి నిప్పుల్ని కుంపట్లోకి ఎత్తి, పిల్లల గదిలో పెట్టి తలుపులు మూస్తారు. ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గనిలోకి దిగే కార్మికుడు నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ కట్టుకునేది ఈ వాయువు భయంతోనే. ఇంట్లో పడుకున్న పిల్లల నడుముకు ఏముంటుంది? తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు దీని లక్షణాలు. నిద్రలో అవీ తెలియవు. ఎవరికైనా అలా అనిపిస్తే అందరినీ బయటికి తెచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పడుకోబోయే ముందు మిగిలిన నిప్పుల్ని పారతో ఇనుప బకెట్లోకి తీసి, వాకిట్లోనే నీళ్లు పోయండి. వేడి ఇటుకల మీద పోస్తే అవి పగులుతాయి.